మా తాత నాటని రాయి

మా ముత్తాత తండ్రి గ్రామ మునసబు. ముత్తాత మునసబు పనితో పాటు చెరువు పెత్తనమూ చేశారు. తాత కాలం వచ్చేసరికి మునసబు పని పేరుకే మిగిలింది కానీ చెరువు మాత్రం ఆయన మాట మీదే నడిచింది. ఏ కయ్యకు ముందు నీళ్లు పారాలో, తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో మా అరుగు మీద తేలేది. ఆ అరుగు మీదికి చెప్పులతో ఎక్కినవాళ్లను నా చిన్నప్పుడు నేను చూడలేదు. నాయన కాలంలో కయ్యలు పోయాయి, ఎద్దులు పోయాయి, అరుగులో సగం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. నేను తిరుపతి బస్సు డిపోలో సామాన్ల గది గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. డిపోలో నన్ను అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఊళ్లో ఇప్పటికీ ఎవరూ పేరు పెట్టి పిలవరు.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలాంటి ఇంట్లో పుట్టినందువల్లే నా నోటి మాట ఒకటి ప్రభుత్వ కాగితంలోకి ఎక్కింది. ఆ కాగితాన్ని నమ్మి ఒక ఆడమనిషి భర్తతో, ఇద్దరు ఆడపిల్లలతో వాగు పక్కన ఇల్లు కట్టుకొని ఉంటోంది. నేను చెప్పిన మాట నిజం కాదు. ఆ సంగతి చెప్పడానికి మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మా ఊరు తిరుపతికి పడమట, చంద్రగిరి పోయే దోవకు దిగువన ఉంటుంది. కొండల మీద కురిసిన వాన ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు దిగుతూ చివరికి స్వర్ణముఖిలో కలుస్తుంది. మాది ఆ వరసలో రెండోది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లే చోటును మేము మరవ అంటాము. మరవ పారితే నీళ్లు వాగులోకి దిగుతాయి, వాగు పట్టకపోతే రెండు పక్కలా పరుచుకుంటాయి. ఎంతవరకు పరుచుకుంటాయో చెప్పే లెక్క మా ఇంటిది.

ఆ లెక్క కాగితాల్లో లేదు. పెద్ద మరవ పారిన ఏడు నీళ్లు తీసి వెనక్కి పోయాక నేల మీద ఒక గీత మిగులుతుంది. పుల్లలు, రెల్లు, నురగ ఆరిన తెల్లటి పొర, చచ్చిన నత్తలు, ఎక్కడిదో ఒక చెప్పు. ఆ చెత్త గీత మీద ఇంటి పెద్ద నీరుగంటిని వెంటబెట్టుకొని పోయి, టెంకాయ కొట్టి, చెక్కిన రాయిని తన చేత్తో నాటాలి. నీరుగంటి అంటే తూము కాపలా చూసి, కాలవలు కట్టి వదిలే మనిషి. గుంత తవ్వేది అతను. రాయి నిలబెట్టేది మాత్రం మా ఇంటి పెద్దే. వేరేవాళ్లు నాటిన రాయికి ఊళ్లో విలువ లేదు. నాటిన రాయికి దిగువన ఎవరూ పునాది తియ్యరు. పశువుల కొట్టం కూడా వెయ్యరు. చట్టం లేదు, జరిమానా లేదు. అయినా ఎవరూ వెయ్యలేదు.

అలాంటి రాళ్లు వాగుకు ఈవలి పక్క ఆరు ఉండేవి. అన్నింటికన్నా పైది ముత్తాత నాటింది. అన్నింటికన్నా కిందిది నాయన నాటింది. తాత నాటినవి రెండు. మూడోది ఆయన నాటాల్సి ఉండింది.

ఆ సంగతి మా అవ్వ నాకు చెప్పింది. అప్పటికి నాయన చిన్నవాడు. పంచాయతీ ఎన్నికలు కొత్తగా వచ్చాయి. వేరే ఇంటి మనిషి సర్పంచి అయ్యాడు. ఆ ఏడు చెరువు నిండితే కట్ట మీది గంగమ్మకు మొదటి టెంకాయ ఆయన చేత కొట్టించారు. అంతవరకూ అది మా ఇంటి హక్కు. తాత వెనక్కి తిరిగారట. ఇంట్లోకి వచ్చి తలుపు మూసుకున్నారు. నాలుగో రోజు వాన పట్టుకుంది. మరవ పారింది. తర్వాత అంతకన్నా పెద్ద శబ్దం ఏదో వచ్చిందని అవ్వ చెప్పేది. నీరుగంటి మూడుసార్లు వాకిట్లోకి వచ్చి, "దొరా, నీళ్లు ఎన్నడూ రాని చోటికి వచ్చినాయి, ఒక్కసారి వచ్చి సూడండి" అని పిలిచాడట. మూడోసారి తాత లోపలినుంచి, "టెంకాయ కొట్టినోణ్ణి పిలుచుకోపో" అన్నారట.

నీళ్లు తీశాయి. తాత పోలేదు. నీరుగంటికి రాయి నాటే హక్కు లేదు, సర్పంచికి ఆ పద్ధతి తెలియదు. తర్వాత వారంలో ఇంకో వాన కురిసి చెత్త గీతను కడిగేసింది. రెండేళ్లకు మొదటి టెంకాయ మళ్లీ మా ఇంటికి వచ్చింది. రాయి మాట ఎవరూ ఎత్తలేదు. "మీ తాత గడప దాటింటే బాగుండు" అని అవ్వ ఒక్కసారే అన్నది, అదీ ఆయన పోయిన తర్వాత. ఎంతదాకా వచ్చాయని నేను అడగలేదు. ఆమె కూడా ఇల్లు దాటి చూసింది కాదు.

ఇక ఇప్పటి సంగతి. ఊరు తిరుపతిలో కలిసిపోయింది. ఇంటి తలుపులకు నంబర్లు వచ్చాయి, వీధులకు పేర్లు వచ్చాయి. కయ్యల్లో తెల్ల రాళ్లు పాతి తాళ్లు కట్టారు. మా ముత్తాత రాయికి పైన, వాగుకు కాస్త ఎడంగా ఉన్న నేలనంతా ఒక ఆసామి కొని లేఅవుటు వేశాడు. ఆ నేల మాది కాదు. మా చేతుల్లోంచి పోయి చాలా కాలమైంది. ఆ లేఅవుటు వల్ల నాకు వచ్చింది కానీ పోయింది కానీ ఏమీ లేదు. అవినీతి అనుకుంటారేమో అని చెప్తున్నాను. దానికన్నా చిన్న కారణానికి నేను అబద్ధం చెప్పాను.

వాగుల పక్కన ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు, నీళ్లు ఇంతవరకూ ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిస్తే అంతవరకూ ఖాళీగా వదలాలి, ఆ పైన కట్టుకునే ఇంటి మట్టం కూడా దానికన్నా పైన ఉండాలి. పెద్ద నదులకు ఆ లెక్క కార్యాలయాల్లో ఉంటుంది. మా వాగులాంటి వాటికి ఉండదు. అందుకని ఊరి పెద్దలను పిలిచి, వాళ్లు చెప్పింది రాసుకొని, సంతకాలు తీసుకుంటారు. దాన్ని మహజరు అంటారు. పట్నం కట్టడాలను అదుపు చేసే పద్ధతి చివరికి ఒక ముసలివాడి జ్ఞాపకం దగ్గరికి వచ్చి నిలబడుతుందని నాకు ఆ రోజు వరకూ తెలియదు.

ఒక పొద్దున టౌన్ ప్లానింగ్ అధికారి జీపులో వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. లేఅవుటు ఆసామి కుర్చీలు వేయించాడు. ఊళ్లోంచి పదిమంది దాకా వచ్చారు. మా పాత నీరుగంటి కొడుకు కూడా వచ్చి ఎడంగా నిలబడ్డాడు. నాకంటే పదేళ్లు పెద్ద. చెరువు పని లేకపోయినా కట్ట మీద రోజుకు ఒకసారి నడిచి వస్తాడు.

అధికారి నన్ను చూసి, "పెద్దాయనా, మీ ఇంటివాళ్లే నీటి గుర్తులు పెట్టేవాళ్లని చెప్పారు. ఇక్కడ అన్నింటికన్నా పైకి నీళ్లు వచ్చింది ఎక్కడిదాకా?" అని అడిగాడు.

నేను ముత్తాత రాయి చూపించాను. ఆయన వంగి, రాయి మీది గీతను వేలితో తడిమాడు. మనిషికి నచ్చిందని తెలిసింది. పట్నంలో ఎక్కడ తిరిగినా ఇలాంటిది దొరకలేదని అన్నాడు.

"వేరే సాక్ష్యం ఏమిటికి సార్. వీళ్లింట్లో రాయి అంటే మాకు శాసనం" అన్నాడు లేఅవుటు ఆసామి.

అప్పుడు నీరుగంటి కొడుకు ఉన్నచోటినుంచే అన్నాడు: "ఈ రాయి కంటే పైకి వచ్చినాయి సార్ నీళ్లు. పాత బడి రెండో మెట్టు తడిసింది. నేను సూసినాను."

అందరూ అతని వైపు తిరిగారు. పాత బడిని పడగొట్టి కొత్తది కట్టి చాలా కాలమైంది. ఆ చోటు రాయికి ఎంతో పైన, మిట్ట మొదట్లో ఉంటుంది.

"నీకు ఎన్నేండ్లు అప్పుడు?" అన్నాడు అధికారి.

"మూడో నాలుగో. మా నాయన బుజాల మీద కూసోని ఉండినాను."

లేఅవుటు ఆసామి నవ్వాడు. "మీ నాయన కల్లు తాగి సూసింటాడప్పా. ఒక మెట్టు రెండు మెట్లుగా కనపడుంటాది."

"మా నాయన కల్లు ముట్టలేదు. మీ నాయన తాగి పడిపోతే ఇంటికి మోసుకొచ్చింది ఆయనే. అడుగు పో మీ అమ్మని."

ఈసారి అందరూ నవ్వారు, ఆసామితో సహా. ఆ నవ్వులో సంగతి పక్కకు పోయింటే బాగుండేది. అధికారి మాత్రం కాగితం పట్టుకొని నా వైపు చూస్తున్నాడు. "మీరేమంటారు?"

నాకు అవ్వ మాట గుర్తుకు వచ్చింది. గుర్తుకు రాలేదని చెప్పుకోలేను. పదిమంది ఎదుట, నీరుగంటి కొడుకు ఎదుట, మా తాత అలిగి తలుపు మూసుకున్నారని, ఆ ఏడు మా ఇల్లు తన పని చెయ్యలేదని చెప్పాలి. ఆ మాట మా ఇంట్లోవాళ్లు డెబ్బై ఏళ్లుగా బయటికి రానివ్వలేదు.

"అంత నీళ్లు వచ్చింటే రాయి ఉండాల గదా" అని గొంతు పెంచాను. "రాయి యాడ? నీళ్లు బడి మెట్టెక్కుతాంటే మా తాత ఇంట్లో పండుకోని ఉండినాడా?"

నీరుగంటి కొడుకు నా వైపు తిరిగాడు. "పండుకోని ఉండినాడని నేను చెప్పలేదు సామీ. ఆ మాట మీరే అంటాండారు."

తువ్వాలు భుజాన వేసుకొని కట్ట మీదికి నడిచి వెళ్లిపోయాడు. అధికారి రాసుకున్నాడు. నేను తాత పేరు, ముత్తాత పేరు కూడా వచ్చేలా నిండుగా సంతకం చేశాను. నా దస్తూరి బాగుంటుంది. ఆయన మెచ్చుకున్నాడు కూడా.

రాయి దగ్గర పటంలో నీలం గీత పడింది. గీతకు దిగువన పార్కు, పైన ప్లాట్లు. కొలతలు తప్పు లేవు. అధికారి తన పని సరిగ్గా చేశాడు. లేఅవుటు ఆసామి కూడా పార్కు జాగాలో అంగుళం కూడా ఆక్రమించలేదు. ఆ వ్యవహారంలో తప్పు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ప్లాట్లు అమ్ముతున్నప్పుడు ఒక రోజు, నేను మొదట చెప్పిన ఆ ఆడమనిషి వచ్చింది. శ్రీకాళహస్తి మనిషి. కలంకారీ వేస్తుంది. భర్త తిరుపతిలో హోటల్లో వంట చేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతారు. గుడ్డ ఉతుక్కోవడానికి, ఆరేసుకోవడానికి జాగా కావాలని, ఈ పక్క బోర్లలో నీళ్లు బాగా ఉన్నాయని ఎవరో చెప్పారట. రాయికి పైన మొదటి వరసలో మూల ప్లాటు చూసుకుంది. డబ్బు కట్టే ముందు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అరుగు కింద నిలబడింది. చెప్పులు రోడ్డు మీదే వదిలేసింది.

"అన్నా, వాన కాలంలో ఈ వాగు మా ప్లాటు దాకా వస్తాదా? అందురూ రాదంటాండారు. మిమ్మల్ని అడిగితే నిజం చెప్తారని ఒకామె చెప్పింది."

"మా ముత్తాత రాయి దాటి నీళ్లు రాలేదమ్మా" అన్నాను.

"మీరు చెప్పినారు, సాలు" అని చేతులు జోడించి వెళ్లిపోయింది.

ఒకసారి అబద్ధం ఆడితే రెండోసారి సులభం అంటారు. నాకు సులభంగా ఏమీ అనిపించలేదు. కాకపోతే మొదటిది సంతకంతో ఉంది. రెండోదాన్ని దానికి వ్యతిరేకంగా ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆమె ఇల్లు లేచింది. కింద రెండు గదులు, పైన మేడ. నియమం ప్రకారం రాయి కంటే రెండడుగులు ఎత్తు చేసి కట్టారు. నేను పొద్దున నడకకు ఆ పక్కకే పోయేవాణ్ణి. కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెట్టిన గుడ్డ వాసన రోడ్డు దాకా వచ్చేది. మేడ మీద తీగలకు పొడుగాటి గుడ్డలు ఆరేసి ఉండేవి. నన్ను చూస్తే ఆమె పని ఆపి, "అన్నా, మజ్జిగ తాగి పోండి" అనేది. నేను ఎప్పుడూ లోపలికి పోలేదు. గేటు బయటినుంచి కిటికీ ఎత్తు చూసేవాణ్ణి. కిటికీ కింద చిన్నమ్మాయి మంచం.

రెండేళ్లలో వాగు మారిపోయింది. పట్నం రోడ్డు వేయడానికి వాగు మీద మట్టి పోసి నాలుగు సిమెంటు గొట్టాలు పెట్టారు. పార్కు చుట్టూ గోడ కట్టారు. ఆవలి పక్క ఎవరో రాళ్లు, ఇంటి చెత్త తెచ్చి పోశారు. ప్రతిదానికీ అనుమతి ఉంది. విడివిడిగా చూస్తే దేనిలోనూ తప్పు కనబడదు. వానాకాలం కాకపోయినా ఆమె ఇంటి వెనక గోడకు అడుగున చెమ్మ ఎక్కుతోంది. ఒకసారి రంగు వేయించింది. మళ్లీ ఎక్కింది. నీటిపాములు మెట్ల మీదికి వస్తున్నాయని పిల్లలు చెప్పారు. ఆమె మాత్రం, "కొత్త ఇల్లు గదా, కొన్నాళ్లకి ఆరిపోతాది" అనేది.

ఆ తర్వాత కార్తీకంలో వాయుగుండం వచ్చింది. మూడు రోజులు తెరపి లేకుండా కురిసింది. మూడో రోజు పొద్దున మరవ పారుతున్న శబ్దం మా ఇంట్లోకి వినిపించింది. గొడుగు తీసుకొని వెళ్లాను. వాగు కనబడలేదు. ఎర్ర నీళ్లు పార్కు గోడ మీదుగా పోతున్నాయి. గొట్టాలకు చెట్ల కొమ్మలు, పరుపులు అడ్డం పడ్డాయి. నీళ్లు వెనక్కి తన్ని ముత్తాత రాయి వైపుకు ఎక్కుతున్నాయి. లేఅవుటు జనమంతా గొడుగులతో, పరదా పట్టలతో వచ్చి రాయి దగ్గర నిలబడ్డారు. ఎవరూ వాగును చూడటం లేదు, రాయిని చూస్తున్నారు. ఆమె మేడ మీద గుడ్డల మూటలు పక్కన పెట్టుకొని బిడ్డలిద్దరినీ పట్టుకొని నిలబడి ఉంది. అక్కణ్ణుంచి నన్ను చూసి, "ఈడికి రావు గదన్నా?" అని అడిగింది.

నేను చెయ్యి ఊపాను. ఏ అర్థంతో ఊపానో నాకే తెలియదు.

మధ్యాహ్నానికి నీళ్లు రాయికి జానెడు కింద ఆగాయి. సాయంత్రానికి తగ్గడం మొదలుపెట్టాయి.

తర్వాత రోజు జనం మా ఇంటికి వచ్చారు. శాలువా కప్పారు, పూలమాల వేశారు. రాయికి పసుపు, కుంకుమ పెట్టి నన్ను ముందు నడవమన్నారు. ఎన్ని ఏళ్ల తర్వాతో మా ఇంటి మనిషి వెనక ఊరు నడిచింది. మొదటి టెంకాయ నా చేతికి ఇచ్చారు. కొట్టాను. పద్ధతి ప్రకారం ఆ ఏటి చెత్త గీత మీద నేను ఒక రాయి నాటాలి. అది పార్కులో పడింది. కొత్త టైల్సు తవ్వకూడదని లేఅవుటు సంఘంవాళ్లు బతిమాలుకున్నారు. సరేనన్నాను.

ఆ వారంలోనే చెరువు కట్ట మీద నీరుగంటి కొడుకు కనిపించాడు. నేను పక్కన పోయి నిలబడ్డాను. ఆయన నన్ను చూడకుండానే, "పూలమాల బాగుండింది సామీ" అన్నాడు.

"ఎగతాళి ఎందుకప్పా. నీళ్లు రాయి దాటలేదు గదా."

"దాటవు. ఇది ఒక్క చెరువు నీళ్లు." కర్రతో ఎగువకు చూపించాడు. "ఆ పొద్దు పై చెరువు తెగింది. రెండు చెరువుల నీళ్లు ఒక్కసారి దిగినాయి. మా నాయన కట్ట మీదనించి ఆ సప్పుడు విని నన్ను ఎత్తుకోని పరిగెత్తినాడు. అప్పుడు ఈ వాగుకి గోడ లేదు, గొట్టాలు లేవు. అట్లుండి కూడా బడి మెట్టెక్కినాయి."

"పై చెరువు కట్ట గట్టిగానే ఉండాది గదా."

"మీరు ఈమధ్య ఆడికి పోయినారా?"

పోలేదన్నాను. ఆయన నడిచాడు, నేను వెనక నడిచాను. పై చెరువు కట్ట మీదుగా ఇప్పుడు ఇసుక లారీలు, మట్టి లారీలు పోతున్నాయి. కట్ట నడినెత్తిన చక్రాల గాడి మోకాలి లోతు ఉంది. లోపలి వాలులో రాతి పరుపు జారిపోయింది. తూము పక్కన ఒక పగులు ఉంది. ఆయన కర్ర దూర్చాడు. కర్ర మూడు వంతులు లోపలికి పోయింది. బయటికి తీస్తే తడిగా ఉంది.

"పోయిన ఏడు సగమే పోయింది కర్ర" అన్నాడు.

వెనక్కి తిరిగాము. కొంతదూరం వచ్చాక, "ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు. మా అవ్వ చెప్పింది" అన్నాను.

ఆయన ఆగలేదు. "మీకు తెలుసని నాకూ తెలుసు సామీ. తెలియనోడు అట్లా అరవడు."

మరుసటి సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకొని కార్యాలయానికి వెళ్లాను. పాత అధికారి బదిలీ అయ్యాడు. ఆ కుర్చీలో ఒక చిన్న వయసు అమ్మాయి ఉంది. నిలబడి నాకు కుర్చీ చూపించింది. నేను నా మహజరు తప్పని, దాన్ని రద్దు చెయ్యాలని, నీళ్లు పాత బడి రెండో మెట్టు దాకా వచ్చాయని అర్జీ రాసి తీసుకుపోయాను. ఆమె పూర్తిగా చదివింది.

"మీ రాయి మొన్నటి వరదతో సరిగ్గా సరిపోయిందండీ. మా పై అధికారులు కూడా దాన్ని ఉదాహరణగా చూపిస్తున్నారు. ఇప్పుడు తప్పంటున్నారేమిటి?"

"మా తాత ఆ ఏడు రాయి నాటలేదమ్మా."

"మీరు అప్పటికి పుట్టారా?"

"లేదు."

"అంటే ఇదీ విన్న మాటే. మొదట చెప్పినదీ విన్న మాటే. రెండింటికీ సంతకం మీదే." ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే తేల్చుకోలేక అడిగింది. "ఏదైనా ఆధారం ఉందా? పాత బడి ఫొటో, ఏదైనా రికార్డు?"

చూసిన మనిషి ఒకడున్నాడని చెప్పాను. ఆమె పాత మహజరు తీసి చూసింది. అందులో ఆయన మాట కూడా ఉంది. దాని కిందే, ఆ మాటకు ఆధారం లేదని ఊరి పెద్ద ఖండించినట్టు రాసి ఉంది. ఊరి పెద్దను నేనే.

"లేఅవుటు రెండో విడతకు అనుమతి పోయిన నెలే ఇచ్చాము. మీ రాయి ఎత్తునే గీతగా పెట్టుకున్నాము. దిగువన ఇంకో రెండు ఊళ్లకు రికార్డు లేదు. అక్కడ కూడా ఇదే లెక్క కట్టాము" అన్నది. అర్జీ మీద ముద్ర కొట్టి ఒక ప్రతి నాకు ఇచ్చింది. పై చెరువు పగులు సంగతి చెప్తే, అది నీటిపారుదల శాఖ పని, వాళ్లకు రాస్తానన్నది. రాసింది కూడా. లారీలు ఒక వారం ఆగాయి.

కార్యాలయం నుంచి ఇంటికి పోకుండా, మూల ప్లాటు ఆమె ఇంటికి పోయాను. మొదటిసారి గేటు లోపలికి వెళ్లాను. ఆమె తొట్టిలో గుడ్డ జాడిస్తోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కుర్చీ తెమ్మని పెద్దమ్మాయిని పిలిచింది. వద్దని నిలబడే చెప్పాను.

"అమ్మా, నేను చెప్పింది తప్పు. నీళ్లు రాయి దాటి వచ్చినాయి ఒకసారి. నాకు తెలిసే నీకు చెప్పలేదు."

ఆమె గుడ్డ పిండి తొట్టి అంచున వేసింది. "యాడి దాకా?"

"పాత బడి రెండో మెట్టు దాకా. నీ ఇంట్లో అయితే కిటికీ దాకా."

ఆమె కిటికీ వైపు చూసింది. మొన్న వాన మాదిరి వస్తే ఏమీ కాదని, పై చెరువు తెగితేనే అని నేను ఏదో చెప్పబోయాను. వినలేదు.

"మిమ్మల్ని అడిగినాను గదన్నా. వాళ్లందరూ అమ్ముకునేవాళ్లని, మీరు కాదని, చెప్పులు ఇడిసి వచ్చి అడిగినాను."

ఆమె పిండిన గుడ్డను తీసి దండెం మీద ఆరేసింది.

"ఇప్పుడు దీన్ని అమ్మాలంటే కొనేవాళ్లకి చెప్పాల. చెప్తే కొనరు. చెప్పకుండా అమ్మితే ఇంకొకరి బిడ్డలు ఆ కిటికీ కింద పండుకుంటారు. అది నాకు చేతకాదు." తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకొని, బేరం మాట్లాడే గొంతుతో అన్నది: "ఒకటి అడుగుతా. మిట్ట మీద మీ కళ్లం ఉండాది గదా, కంపచెట్లు మొలిసి ఊరికే పడుండాది. ఈ ఇల్లు మీరు తీసుకోండి, ఆ నేల మాకియ్యండి. రేకులు ఏసుకోని ఉంటాము. మీకు మీ మాటకి సరిపోతాది, మాకు మా బిడ్డలు మిగుల్తారు."

న్యాయమైన మాట. మా తాత బతికి ఉంటే ఆయన కూడా కాదనలేడు. అడగడం అయిపోయాక ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది. పెద్దమ్మాయి కుర్చీ తెచ్చి నా వెనక పెట్టింది.

మిట్ట మీది కళ్లం ఇంకా మా ఇంటిదేనని ఊళ్లో అందరూ అనుకుంటారు. నేను అనుకోనిచ్చాను. దాన్ని మహజరు మీద సంతకం చేసిన ఏడాదే చిత్తూరు మామిడి గుజ్జు వ్యాపారికి అమ్మేశాను.